టేపులో మిగిలిన గురుముఖం



పలికిన మాట పలికిన క్షణంలోనే లయిస్తుంది. మరి ఆ మాట నిన్న ఉన్నదని, రేపు కూడా ఉంటుందని ఏ ప్రమాణంతో చెప్పగలం? ఈ ప్రశ్నపై మన దర్శనకారులు శతాబ్దాల పాటు వాదించుకున్నారు. శబ్దం పుడుతుంది, నశిస్తుంది, కనుక అనిత్యమని నైయాయికులు. శబ్దం నిత్యమే, కంఠతాల్వాదుల వ్యాపారం దాన్ని వ్యక్తపరుస్తుందే కాని పుట్టించదని మీమాంసకులు. ఒకే పదాన్ని పదిసార్లు ఉచ్చరించినవానిని చూసి, ఈ పదాన్ని పదిసార్లు పలికినాడని లోకం అంటుంది. పది పదాలు పలికినాడని ఎవరూ అనరు. మీమాంసకులు చూపిన యుక్తులలో ఇది ఒకటి. నశించేది ధ్వని, నిలిచేది శబ్దం అని వారి నిర్ణయం.

ఇంత ప్రాచీనమైన వివాదం కోరుట్లలో ఒక ఇంటి కంప్యూటరు ముందుకు, ఒక పాత కేసెట్టు రూపంలో వచ్చి నిలిచింది.

కథకు ఆరంభం సిరిసిల్లలో. రథసప్తమి నాడు ఒక గృహంలో సూర్యనమస్కారాలతో అరుణప్రశ్న పారాయణం జరుగుతున్నది. తైత్తిరీయ ఆరణ్యకంలోని తొలి ప్రశ్న ఇది. ఆ ఇంటి మనుమడు, ఇరువదేండ్ల యువకుడు, శ్రద్ధగా, నిర్భయంగా పలుకుతున్నాడు. ధర్మపురి నుంచి వచ్చిన వృద్ధ వేదపండితుడు కన్నులు మూసుకొని వింటున్నాడు. ఒకానొక అనువాకంలో ఒక పదం దగ్గర ఆయన కన్నులు తెరుచుకున్నాయి. అనుదాత్తంగా దిగవలసిన అక్షరం దిగలేదు. పారాయణం ముగిసేదాకా ఆయన ఏమీ అనలేదు. తీర్థప్రసాదాలైన తరువాత యువకుణ్ణి పక్కకు పిలిచినాడు.

"నాయనా, ఆ స్వరం నీకు ఎవరు చెప్పినారు?"

"తాతగారి కేసెట్టులో విని నేర్చుకున్నాను గురువుగారూ. తాతగారు అట్లాగే పలికినారు."

"పుస్తకంలో చూసినావా?"

"చూసినాను. పుస్తకంలో వేరే విధంగా ఉన్నది. కాని ఆ కేసెట్టులో తాతగారు పాఠం ఒప్పజెప్తుంటే జగిత్యాల గురువుగారు ఎదుటనే కూర్చొని విన్నారట. ఆయన దిద్దలేదు. అందుకే ఇది మా గురుపరంపరలోని పాఠాంతరమని అనుకున్నాను."

వృద్ధుడు వెంటనే తప్పు అనలేదు. శాఖాభేదాలు, దేశభేదాలు, పాఠాంతరాలు ఉన్నమాట నిజమే. అయితే ఆ జగిత్యాల గురువు దగ్గర తానూ కొన్నాళ్ళు చింతన చేసినవాడు. ఆయన నోట ఆ పదం ఎట్లా దిగేదో ఇంకా చెవిలోనే ఉన్నది. "ఆయన విని ఊరుకొని ఉండడు. అసలు కేసెట్టు ఎక్కడ ఉన్నదో వెదకు" అని మాత్రం అన్నాడు.

పైకి ఇది ఒక్క అక్షరపు విషయం. లోపల మాత్రం ఒక గురువు ప్రతిష్ఠ, ఒక పరంపర శుద్ధి ఇమిడి ఉన్నాయి. స్వరం తప్పితే మంత్రం యజమానినే బాధిస్తుందని చెప్పడానికి శిక్షాకారులు వృత్రాసురుని కథను ఉదాహరిస్తారు. ఇంద్రుని సంహరించే పుత్రుని కోరిన త్వష్ట ఒక సమాసంలో స్వరం మార్చి పలికినందువల్ల అర్థం తలక్రిందులై, ఇంద్రుని చేతనే ఆ పుత్రుడు హతుడైనాడు. పొరపాటు ఒక్కసారి పలికితే అది దోషం. అదే పాఠాంతరమన్న పేరుతో తరువాతి తరానికి చేరితే, దిద్దడానికి ఎవరూ మిగలరు.

ఆ కేసెట్టు 1980ల నాటిది. ఆ కాలంలో జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల నుంచి ఎందరో జీవనోపాధికి గల్ఫు దేశాలకు వెళ్ళినారు. సెలవుకు వచ్చినప్పుడు వారు తెచ్చిన వస్తువులలో టేపురికార్డరుకు విశేష గౌరవం. రేడియో, టేపు కలిసిన టూ-ఇన్-వన్ ఒక ఇంటికి వచ్చిందంటే వీధి అంతా అక్కడే. అక్షరం రాని తల్లి తన మాటలను కేసెట్టులో నింపి కొడుకుకు పంపేది. కొడుకు అందులోనే జవాబు పంపేవాడు. గుడి మైకులో తెల్లవారుజామున ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారి వేంకటేశ సుప్రభాతం, 1974 ఫిబ్రవరి 11న ఘంటసాల గారు దివంగతులైన తరువాత వెలువడిన ఆయన భగవద్గీత, మొదట రికార్డుల మీద, తరువాత కేసెట్ల మీద ఊరూరా వినిపించేవి. అటువంటి ఒక యంత్రం ముందు, సిరిసిల్లలో, ఈ యువకుని తాతగారు తన గురువుకు అరుణప్రశ్న ఒప్పజెప్పినారు. పక్కనే మరమగ్గాల కార్ఖానా. అందువల్ల పాఠం వెనుక మగ్గం టకటక నిరంతరం వినిపిస్తుంది.

గురువు గతించినాడు. కొంతకాలానికి శిష్యుడూ గతించినాడు. కేసెట్టు కోరుట్లలోని ఆయన కుమార్తె ఇంటికి చేరింది. కొన్నేండ్ల క్రితం కుటుంబంవారు దాన్ని ఒక పట్టణంలోని దుకాణంలో ఇచ్చి ఎం.పి.త్రీగా మార్పించినారు. దుకాణంవారు మంచి ఉద్దేశంతోనే మగ్గపు చప్పుడు తొలగించినారు, మధ్యలోని ఖాళీలను కత్తిరించినారు. వినడానికి హాయిగా ఉన్నదని అందరూ మెచ్చుకున్నారు. ఫోను నుంచి ఫోనుకు ఆ ఫైలు బంధువులందరికీ చేరింది. యువకుడు నేర్చుకున్నది దాని నుంచే.

కోరుట్ల ఇంటి యజమాని, అంటే యువకుని మేనత్త భర్త, ఉద్యోగ విరమణ చేసిన ఉపాధ్యాయుడు. పాత గ్రామఫోను రికార్డులను, కేసెట్లను కంప్యూటరులోకి ఎక్కించడం ఆయన నిత్యకృత్యం. ఆయన గదిలో మూడు కాలాలు ఒకే బల్ల మీద కనిపిస్తాయి. నిమిషానికి 78 చుట్లు తిరిగే లక్కతో చేసిన రికార్డులు ఒక వైపు. మన దేశంలో ఈ విద్య తొలినాళ్ళలోనే, 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ గానం ముద్రితమైంది. నిమిషానికి 33 చుట్లకు పైచిలుకు తిరిగే వినైలు రికార్డులు మరొక వైపు. వాటి పక్కన ఫిలిప్స్ సంస్థ 1963లో లోకానికి పరిచయం చేసిన కేసెట్లు.

ప్రతిదానికి ఒక ఆచారం ఉన్నదని ఆయన అంటాడు. లక్క రికార్డును స్పిరిటుతో తుడిస్తే లక్క కరుగుతుంది, కనుక స్వేదనజలమే వాడాలి. దాని గాడి వెడల్పు, కనుక సూది లావుగా ఉండాలి. వినైలు గాడి సన్నం, దానికి సన్నని సూది. ఒకదాని సూది మరొకదానికి వాడితే గాడి చెడుతుంది. అధికారిభేదం శాస్త్రంలోనే కాదు, సూదులలోనూ ఉన్నది.

యువకుడు వచ్చి విషయం చెప్పగా ఆయన బీరువాలో నుంచి కేసెట్టు తీసినాడు.

"అల్లుడా, దీన్ని నేను ఇప్పటిదాకా ముట్టుకోలేదు. మీ అత్తకు తండ్రి గొంతు. తెగితే ఆమె ముఖం ఎట్లా చూడను?"

భయం అకారణం కాదు. కేసెట్టులోని టేపు వెడల్పు నాలుగు మిల్లీమీటర్లయినా లేదు. సెకనుకు ఐదు సెంటీమీటర్లకు లోపే కదిలే ఆ పలుచని పట్టీ మీద, అయస్కాంత రజస్సులో, ఒక మనిషి ప్రాణవాయువు ముద్రితమై ఉన్నది. లోపలి చిన్న ఉన్నిముక్క ఊడిపోయింది. టేపు అంచున బూజు తెల్లగా కనిపించింది. ఆయన ముందుగా కేసెట్టు వెనుకనున్న చిన్న రెక్కలు విరిగి ఉన్నాయని నిశ్చయపరచుకున్నాడు. అవి విరిగి ఉంటే పొరపాటున కూడా దాని మీద మరొకటి రికార్డు కాదు. తరువాత మరలు విప్పి, టేపును కొత్త డబ్బాలోకి మార్చి, బూజును మెత్తని పొడిగుడ్డతో తుడిచి, ఈ చివరి నుంచి ఆ చివరిదాకా మెల్లగా చుట్టి, తిరిగి వెనక్కు చుట్టినాడు. యంత్రంలోని హెడ్డును శుద్ధ ఆల్కహాలుతో తుడిచి ఆరనిచ్చినాడు.

ఈ పనికి కావలసిన ప్రమాణగ్రంథం మనకు తైత్తిరీయోపనిషత్తు ఆరంభంలోనే ఉన్నది. శీక్షావల్లి ఉచ్చారణకు ఆరు అంగాలు చెబుతుంది: వర్ణం, స్వరం, మాత్ర, బలం, సామం, సంతానం. ధ్వనిని యంత్రం నుంచి యంత్రానికి మార్చేవాడు కూడా ఈ ఆరింటినే కాపాడాలి.

వర్ణం చెడేది హెడ్డు మురికి వల్ల, లేదా అది టేపుకు సరిగా నిటారుగా లేకపోవడం వల్ల. అప్పుడు శ, ష, స అనే ఊష్మాలు మొద్దుబారి ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. ఉపాధ్యాయుడు చిన్న మరను వెంట్రుకవాసి తిప్పుతూ, సకారం స్పష్టంగా వినిపించేదాకా సరిచేసినాడు.

స్వరం, మాత్ర చెడేవి వేగం వల్ల. టేపు మొత్తం ఒకే రీతిగా వేగంగా నడిస్తే గొంతు సన్నబడుతుంది, మాత్రలన్నీ ఒకే నిష్పత్తిలో కురచవుతాయి. ఉదాత్తానుదాత్తాల పరస్పర భేదం, హ్రస్వదీర్ఘాల నిష్పత్తి మాత్రం నిలుస్తాయి. భర్తృహరి చెప్పిన ప్రాకృత, వైకృత ధ్వనుల విభాగం ఇక్కడ గుర్తుకు వస్తుంది. ద్రుతం, విలంబితం అనే వేగభేదం వైకృతధ్వనిది. దానివల్ల శబ్దస్వరూపం మారదు. కాని వేగం క్షణక్షణానికి ఊగిసలాడితే స్వరం మీదనే సందేహం వస్తుంది. వేగాన్ని పరీక్షించడానికి ఆయన టేపులోనే ఉన్న ఒక సాక్షిని ఆశ్రయించినాడు. అది విద్యుత్తు గుంయిమనే సన్నని హోరు. మన దేశంలో దాని ఆవృత్తి సెకనుకు 50. నాటి సరఫరాలో హెచ్చుతగ్గులు ఉన్నా, స్థూలంగా అది నమ్మదగిన కొలబద్ద. ఆడాసిటీ అనే ఉచిత సాఫ్టువేరులో చూస్తే ఆ హోరు 50కి సమీపంలోనే నిలకడగా ఉన్నది. వేగం సరిగానే ఉన్నది.

బలం, సామం చెడేవి ధ్వనిస్థాయి వల్ల. స్థాయి మితిమీరితే తరంగాల శిరస్సులు తెగిపోతాయి. అట్లా తెగినదాన్ని ఏ సాఫ్టువేరూ యథాతథంగా తిరిగి అతికించలేదు. అందుకని పైన కొంత ఖాళీ ఉంచి ఎక్కించాలి. చివరిది సంతానం, అంటే విచ్ఛిత్తి లేని ప్రవాహం. ధ్వనిభాండాగారాల అంతర్జాతీయ సంఘం సూచించిన కనీస ప్రమాణం సెకనుకు 48 వేల నమూనాలు, ఒక్కొక్కదానికి 24 బిట్లు. ఒకే చానెలు అయితే గంటకు సుమారు 520 మెగాబైట్లు. ఆయన ఆ ప్రమాణంలోనే, ఏదీ తొలగించకుండా, ఏదీ కత్తిరించకుండా, మొదటి నుంచి చివరిదాకా ఒకే ధారగా ఎక్కించినాడు. మేనత్త తలుపు దగ్గర నిలబడి విన్నది. చేతిలోని పని చేతిలోనే ఉండిపోయింది.

వివాదాస్పదమైన అనువాకం వచ్చింది. మగ్గం టకటక. ఆ నేపథ్యంలో శిష్యుని గొంతు. ఆ పదం దగ్గర స్వరం దిగలేదు. యువకుడు నేర్చుకున్నట్లే ఉన్నది. దుకాణం ఫైలులో ఇక్కడ వెంటనే తరువాతి వాక్యం వస్తుంది. కేసెట్టులో రాలేదు. ఒక విరామం. యంత్రానికి దూరంగా, గోడ దగ్గర నుంచి కాబోలు, మగ్గం చప్పుడులో దాదాపు మునిగిపోయిన ఒక చిన్న ధ్వని:

"ఊఁహూఁ."

దాని వెంటనే అదే దూరం నుంచి, అదే మెల్లని గొంతులో, ఆ పదం. అనుదాత్తం చక్కగా దిగింది. తరువాత శిష్యుడు వాక్యాన్ని మొదటి నుంచి ఎత్తుకొని, ఈసారి సరిగా పలికి ముందుకు సాగినాడు.

జరిగినదేమిటో అప్పుడు తెలిసింది. మగ్గపు రొదను తొలగించే ప్రక్రియలో, దానికంటే ఎంతో హెచ్చుగా లేని గురువు గొంతు కూడా రొదలో లెక్కయింది. ఖాళీగా మిగిలిన ఆ భాగాన్ని కత్తిరించినారు. ఒకే వాక్యం రెండుసార్లు వచ్చిందని, వేదం తెలియని చేయి రెండవదాన్ని అనవసరమైన పునరుక్తిగా తీసివేసింది. తప్పు మిగిలింది, దిద్దుబాటు పోయింది. పైగా గురువు మౌనంగా ఉన్నట్లు వినిపించడంతో ఆ తప్పుకు గురువు సమ్మతి కూడా అంటుకున్నది.

మేనత్త మాత్రం స్వరం గురించి ఏమీ అనలేదు. "నాన్న అంత పెద్దవాడై కూడా, తప్పనగానే మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు చూడు" అన్నది.

ఆమె మాటలోనే అధ్యయన ధర్మం అంతా ఉన్నది. గురుముఖం అంటే కేవలం పలికే ముఖం కాదు. అది వినే ముఖం కూడా. శిష్యుడు పలుకుతుంటే విని, ఊఁహూఁ అనగలిగేదే గురుముఖం. టేపు పలుకుతుంది, వినదు. వెయ్యిసార్లు వినిపిస్తుంది, ఒక్కసారి దిద్దదు. వ్రాసినది చూసి చదివేవాణ్ణి శిక్షాశాస్త్రం అధమ పాఠకులలో ఎందుకు చేర్చిందో ఇక్కడ అర్థమవుతుంది. పుస్తకాన్ని నిందించడం దాని ఉద్దేశం కాదు. దిద్దే చెవి లేని చదువు పట్ల హెచ్చరిక అది. రికార్డు విని మాత్రమే నేర్చినవాడు కూడా ఆ హెచ్చరికకు లోబడినవాడే.

అయితే ధ్వనిముద్రణ వ్యర్థమా? కాదు. తాళ్ళపాక అన్నమాచార్యుల సంకీర్తనలు రాగిరేకుల మీద శతాబ్దాల పాటు తిరుమలలో భద్రంగా ఉన్నాయి. రాగి సాహిత్యాన్ని కాపాడింది, రాగనామాన్నీ కాపాడింది. కాని ఆయన ఏ వరుసలో పాడినాడో రాగి చెప్పలేకపోయింది. అందుకే రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారి వంటి మహనీయులు వాటికి మళ్ళీ స్వరరచన చేయవలసి వచ్చింది. అక్షరం నిలిచినా ధ్వని పోతే ఎంత పోతుందో చెప్పడానికి అంతకు మించిన నిదర్శనం అక్కరలేదు. కోరుట్ల కేసెట్టు గురువుకు ప్రత్యామ్నాయం కాలేదు. గురువు పక్షాన సాక్షి మాత్రం అయింది. ఆయన మీద పడబోయిన అపవాదును తొలగించింది.

సాక్షి అన్నమాట ఆలోచించదగినది. సాక్షి చూసినదంతా చెప్పాలి, నచ్చినది మాత్రమే చెప్పకూడదు. ఏది రొద, ఏది శబ్దం అనే వివేకం యంత్రానికి లేదు. దానికి బలహీనమైనదంతా రొదే. నిత్యానిత్య వివేకాన్ని సాధన చతుష్టయంలో మొదట ఉంచిన సంప్రదాయం మనది. ఆ వివేకం లేనిదే తొలగించడం మొదలుపెడితే మలినంతో పాటు మాణిక్యం కూడా పోతుంది. అందుచేత ఇంట్లో పాత కేసెట్లు, రికార్డులు ఉన్నవారు మొదట అసలును ఉన్నదున్నట్లు ఎక్కించి దాచాలి. మగ్గం చప్పుడు, దగ్గు, కుక్క మొరుగుడు, అన్నీ ఉండనివ్వాలి. వినడానికి హాయిగా ఉండే ప్రతి కావాలనుకుంటే దాన్ని వేరుగా తయారుచేసుకోవాలి. ఏది అసలు, ఏది సవరించినది అని ఫైలు పేరులోనే వ్రాయాలి. ఎవరి గొంతు, ఎక్కడ, ఏ సందర్భం అన్నది కూడా తెలిసిన పెద్దలు ఉండగానే వ్రాసిపెట్టాలి. ఎక్కించిన తరువాత కేసెట్టును పారవేయకూడదు.

ఆ ఉపాధ్యాయుడు ఫైలును మూడు చోట్ల ఉంచినాడు. ఒకటి కోరుట్లలో, ఒకటి సిరిసిల్లలో, మరొకటి జగిత్యాలలోని గురువుగారి వంశీయుల ఇంట. ప్రతులు ఒకదానితో ఒకటి సరిపోతున్నవో లేదో పరీక్షించే చెక్‌సమ్ సంఖ్యను కాగితం మీద వ్రాసి కేసెట్టు డబ్బాలో పెట్టినాడు. ఒక్క బిట్టు మారినా ఆ సంఖ్య మారిపోతుంది. మన పూర్వులు క్రమ, జట, ఘన పాఠాలలో చేసినదీ ఇదే. పదాలను ముందుకు, వెనుకకు, మళ్ళీ ముందుకు కలిపి పలికితే ఎక్కడ ఏ అక్షరం జారినా పట్టుబడుతుంది. ఆ ప్రతులను దాచిన పెట్టెలు మాత్రం మనుషుల కంఠాలు. 2003లో యునెస్కో వేదపఠన సంప్రదాయాన్ని మానవాళి వారసత్వంగా ప్రకటించినప్పుడు గుర్తించినదీ ఆ సజీవ పరంపరనే.

యువకుడు ఆ ఫైలును ధర్మపురి వృద్ధునికి వినిపించినాడు. ఊఁహూఁ దగ్గర ఆయన చేయి ఎత్తి ఆపమన్నాడు. మళ్ళీ వినిపించమన్నాడు. మూడుసార్లు విన్నాడు.

"ఆయనే" అన్నాడు.

కొంతసేపటికి ఫోను పక్కన పెట్టమన్నాడు. "ఇక నువ్వు చెప్పు నాయనా. నేను వింటాను."

యువకుడు మొదలుపెట్టినాడు. ఆ పదం దగ్గరకు రాగానే, ఏండ్ల అభ్యాసం వల్ల, స్వరం మళ్ళీ పాత దారిలోనే పోయింది. వృద్ధుడు కన్నులు తెరవకుండానే అన్నాడు:

"ఊఁహూఁ."

యువకుడు వాక్యాన్ని మొదటి నుంచి ఎత్తుకున్నాడు.

స్వస్తి.